ఎంఎంఏకి ముందు ఏది మొదలుపెట్టాలి: బాక్సింగా, ముయే థాయా, రెజ్లింగా, జియు జిట్సూనా?

"ఎంఎంఏ నేర్చుకోవాలని ఉంది, ఇంతవరకూ ఏమీ చేయలేదు, ముందు ఎందులో చేరమంటారు?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని నెల లేదు. ఎంఎంఏ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, గుద్దడం, తన్నడం, కింద పడేయడం, పట్లు వేయడం అన్నీ కలిసిన పోరు. విడివిడిగా జవాబిచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే ఈసారి అంతా ఒకచోట రాస్తున్నాను. దగ్గర్లో రెండు మూడు జిమ్‌లు ఉండి, ఎంచుకునే వీలున్నవాళ్ళకే ఇది పనికొస్తుంది. ఒకటే జిమ్ ఉండి, అక్కడ నేర్పేవాళ్ళు మంచివాళ్ళయితే, వాళ్ళు ఏం నేర్పితే అది నేర్చుకోండి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి ఆరు నెలలు జియు జిట్సు (ఎదుటివాడిని నేల మీద పట్లతో లొంగదీసే కళ), అది కూడా గీ అనే మందపాటి కోటు డ్రెస్ వేసుకోకుండా ఆడేది, వీలైతే నిలబడి కింద పడేసే పట్లు కూడా నేర్పే చోట. ఆ తర్వాత బాక్సింగ్ గానీ ముయే థాయ్ (థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్) గానీ కలుపుకోండి. నేను మాత్రం దీన్ని తిరగేసి చేశాను, కిక్‌బాక్సింగ్‌తో మొదలుపెట్టాను. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఎనిమిది నెలలు ప్యాడ్లు కొట్టాను. జాబ్, క్రాస్, హుక్ అనే గుద్దులు, కాలి మీద తన్నే లో కిక్ అన్నీ బాగానే కుదిరాయి అనుకున్నాను, బ్యాగ్ మీద చప్పుడు కూడా గట్టిగా వచ్చేది. అప్పుడు ఒకరోజు మొదటిసారి పట్లు కూడా కలిపి నెమ్మదిగా ఒక రౌండ్ ఆడించారు. ఎదురుగా నాకంటే పది కిలోలు తక్కువున్న అబ్బాయి, గ్రాప్లింగ్ (పట్ల సాధన)లో చేరి ఏడాది కూడా కాలేదట. నా జాబ్ కింద నుంచి దూరి, రెండు కాళ్ళూ పట్టుకుని వెల్లకిలా పడేశాడు. పడ్డాక అతని ఛాతీ నా గడ్డం కింద నొక్కుకుపోయింది, తల పక్కకి తిప్పితే మ్యాట్ వాసన, అతని చెమట నా కంట్లో పడుతోంది, ఊపిరి తీసుకుందామంటే పొట్ట పైకి లేవడం లేదు. కంగారులో రెండు చేతులతో అతన్ని పైకి తోశాను. చేతులు చాచడమే నేను చేసిన తప్పు. చాచిన చెయ్యి దొరకబుచ్చుకుని మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌లాక్ వేశాడు, ట్యాప్ చేశాను, అంటే ఓడిపోయానని చేత్తో తట్టాను. ఆ ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు ట్యాప్ చేశాను, ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది ఒక్కటి కూడా చేతికి రాలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. ఎనిమిది నెలల్లో ఎదుటివాడు నిజంగా నన్ను ఆపాలని చూస్తుంటే నేను సాధన చేసింది ఎంతసేపు? చివరి రెండు నెలల్లో పదిహేను రోజులకోసారి స్పారింగ్ (ఎదుటివాడితో సాధన పోరు), రెండేసి నిమిషాల రౌండ్లు మూడు. అంతా కలిపినా అరగంట దాటదు. ఆ అబ్బాయేమో వారానికి మూడు రోజులు, రోజుకి ఐదేసి నిమిషాల రౌండ్లు నాలుగు ఆడుతున్నాడు, అంటే వారానికి గంట. నాకు ఎనిమిది నెలల్లో దొరికిన దానికి రెట్టింపు అతనికి ఒక్క వారంలో దొరుకుతోంది.

ఏ కళ మేలు అని పోల్చేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే: అడ్డుకునే మనిషితో వారానికి ఎన్ని నిమిషాలు గట్టిగా ఆడగలుగుతారు, ఆడాక మర్నాడు మామూలుగా పనికి వెళ్ళగలుగుతారా. టెక్నిక్‌ల జాబితా ఎంత పెద్దది, ఏ ఛాంపియన్ ఏ కళ నుంచి వచ్చాడు అన్నవన్నీ కొత్తవాళ్ళ విషయంలో దీని తర్వాతే.

ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. జపాన్‌లో జిగొరో కనో 1882లో జూడో మొదలుపెట్టినప్పుడు అక్కడి పాత జుజుత్సులోంచి, ఎదుటివాడికి దెబ్బ తగలకుండా పూర్తి బలంతో చేయడం కుదరని వాటిని ఆట సాధనలోంచి పక్కన పెట్టాడు. మిగిలినవాటిని రోజూ పూర్తి బలంతో, అడ్డుకునే మనిషి మీదే చేయించాడు, దాన్నే రందోరి అంటారు. కళ్ళు పొడిచే దెబ్బ ఎంత భయంకరమైనదైనా దాన్ని మనిషి మీద ఒక్కసారి కూడా నిజంగా చేసి చూడలేరు, అదే ఒక గొంతు పట్టు అయితే వందలసార్లు చేయొచ్చు, ఎదుటివాడు రెండుసార్లు తట్టగానే వదిలేయొచ్చు. జూడో తెలిసిన మిత్సుయో మయెదా బ్రెజిల్ వెళ్ళి గ్రేసీ కుటుంబానికి నేర్పాడు, అక్కడి నుంచే ఈ జియు జిట్సు పెరిగింది. 1993 నవంబర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (ఎంఎంఏ పోటీ)లో సుమారు 80 కిలోల రోయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురితో ట్యాప్ చేయించాడు, మూడు పోరాటాలూ కలిపి దాదాపు ఐదు నిమిషాలే. ఆ రోజు ఎదుటివాళ్ళలో ఎక్కువమందికి గ్రాప్లింగ్ పెద్దగా తెలియకపోవడం కూడా కలిసొచ్చింది నిజమే, అయితే కొత్తగా చేరేవాళ్ళం మనం కూడా సరిగ్గా అదే స్థితిలో ఉంటాం కదా.

ఇప్పుడు బాక్సింగ్ సంగతి. చేతుల పని, కాళ్ళ కదలిక, దూరం అంచనా వేయడం, ముఖం మీదకి గుద్దు వస్తుంటే కళ్ళు మూసుకోకుండా చూడటం, ఇవి బాక్సింగ్ నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు, ఇందులో నాకు రెండో మాట లేదు. ప్రతి ఎంఎంఏ రౌండూ నిలబడే మొదలవుతుంది కాబట్టి ముందు చేతులు నేర్చుకోవాలి అనేవాళ్ళ మాటా కొట్టిపారేయలేం. చిక్కు ఎక్కడంటే, బాక్సింగ్‌లో గట్టిగా సాధన చేయడమంటే తల మీద దెబ్బలు తినడం. 16 ఔన్సుల గ్లవ్స్ వేసుకున్నా, హెడ్‌గార్డ్ పెట్టుకున్నా, లోపల మెదడు కదలడం ఆగదు. నాకౌట్ కాకపోయినా ఆ చిన్న దెబ్బలు పేరుకుంటూనే ఉంటాయి. అందుకే మంచి కోచ్ కొత్తవాళ్ళని రెండు మూడు నెలలైనా స్పారింగ్‌కి దింపడు, దింపకపోవడమే న్యాయం కూడా. అంటే కోచ్ ఎంత మంచివాడైతే మొదటి నెలల్లో ఆ నిజమైన నిమిషాలు అంత తక్కువ దొరుకుతాయి. రెండో రౌండ్‌కే కొత్తవాళ్ళని తలలు పగిలేలా కొట్టుకోనిచ్చే చోటు ఉంటే అటు వెళ్ళనే వద్దు.

ఇంకోటి, బాక్సింగ్ నుంచి ఎంఎంఏకి వచ్చాక కొన్ని అలవాట్లు మానుకోవాలి. పెద్ద గ్లవ్స్ వెనక ముఖం దాచుకునే అలవాటు 4 ఔన్సుల గ్లవ్స్‌తో పనిచేయదు, సందుల్లోంచి గుద్దు దూరిపోతుంది. నడుము దగ్గర బాగా వంగి తప్పించుకుంటే ఎదురుగా మోకాలు వస్తుంది. ముందు కాలి మీద బరువు ఎక్కువ వేసి నిలబడితే లో కిక్‌కి ఆ కాలు దొరికిపోతుంది.

ముయే థాయ్ ఆ లెక్కన ఎంఎంఏకి ఇంకా దగ్గర: చేతులు, కాళ్ళు, మోచేతులు, మోకాళ్ళు అన్నీ ఉన్నాయి, పైగా క్లించ్ ఉంది. మెడ పట్టుకుని లాగుతూ, తోస్తూ, బ్యాలెన్స్ తప్పించే క్లించ్ సాధన చాలాసేపు గట్టిగా చేసినా తలకి దెబ్బ తగలదు, అంటే నేను చెప్పే నిజమైన నిమిషాలు అక్కడ కూడా దొరుకుతాయి. థాయ్‌లాండ్‌లో తరచుగా రింగ్‌లోకి దిగే ఫైటర్లు జిమ్‌లో ఒకరితో ఒకరు ఎంత తేలిగ్గా, తాకీ తాకకుండా స్పారింగ్ చేస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. అలాంటి పద్ధతి ఉన్న జిమ్ మీ దగ్గర్లో ఉంటే నా వాదన సగం బలం కోల్పోయినట్టే, నిశ్చింతగా అక్కడే మొదలుపెట్టండి. నిటారుగా నిలబడే ఆ స్టాన్స్‌ని మాత్రం తర్వాత మార్చుకోవాలి, లేదంటే కాళ్ళు పట్టి పడేయడం తేలిక.

ఎంఎంఏకి పునాదిగా నిజానికి రెజ్లింగే గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. పోరు నిలబడి సాగాలా, నేల మీద సాగాలా అన్నది నిర్ణయించేది రెజ్లర్. 2020లో 29 పోరాటాల్లో 29 గెలిచి తప్పుకున్న యూఎఫ్‌సీ ఛాంపియన్ ఖబీబ్ నుర్మగొమెదోవ్‌ని చూడండి, కింద పడేస్తాడని అందరికీ ముందే తెలుసు, అయినా ఆపలేకపోయారు. మరి కొత్తవాళ్ళకి అదే ఎందుకు చెప్పనంటే, పాతికేళ్ళు దాటాక మొదటిసారి కుస్తీలోకి దిగేవాళ్ళకి మోకాళ్ళు, నడుము, మెడ అంత తొందరగా అలవాటు పడవు. పడటం సరిగ్గా రాకముందే గట్టిగా పడేయించుకుంటే భుజం పట్టేసి మూడు వారాలు ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. పైగా పెద్దవాళ్ళలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం విడిగా క్లాసు ఉండటం చాలాచోట్ల అరుదు. మీ వయసు పదహారు, పదిహేడు అయి, మంచి రెజ్లింగ్ కోచ్ దొరికితే ఇదంతా వదిలేసి అక్కడికి వెళ్ళండి.

జియు జిట్సులో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. వెల్లకిలా పడుకుని ఆడటం సుఖంగా అలవాటైపోతుంది, ఎంఎంఏలో అలా పడుకుంటే పైనుంచి గుద్దులు పడతాయి. కొన్ని చోట్ల రౌండ్ మొదలవగానే ఇద్దరూ కూర్చునే ఆడతారు, ఎదుటివాడిని కింద పడేయడం ఏళ్ళు గడిచినా రాదు. గీ కాలర్, చేతుల అంచులు పట్టుకునే పట్లన్నీ గీ లేకపోతే చేజారిపోతాయి. కేవలం పట్ల మీదే ఆధారపడితే ఏమవుతుందో 2015 నవంబర్‌లో ఒక యూఎఫ్‌సీ పోరులో అందరం చూశాం. ఒలింపిక్ జూడో పతకం ఉన్న రోండా రౌసీ ముందుకు దూసుకొస్తుంటే, బాక్సింగ్ నుంచి వచ్చిన హాలీ హోమ్ పక్కకి జరుగుతూ, దూరం కాపాడుకుంటూ, రెండో రౌండ్‌లో తల మీద తన్ని పడేసింది. ఆరు నెలల తర్వాత చేతులు కూడా నేర్చుకోండి అని నేను పట్టుబట్టేది ఇందుకే, ఏళ్ళ తరబడి ఒకదాంట్లోనే ఉండిపోవద్దు.

నేరుగా ఎంఎంఏ క్లాసులోనే చేరితే పోలేదా? కొత్తవాళ్ళకి వేరే క్లాసు ఉంటే బాగానే ఉంటుంది. లేకపోతే గంటలో ఇరవై నిమిషాలు గుద్దులు, ఇరవై నిమిషాలు పడేయడం, ఇరవై నిమిషాలు నేల మీద, ఏదీ ఒంటబట్టదు. పైగా పోటీకి తయారవుతున్నవాళ్ళతో కలిపి దింపేస్తారు.

జూడో మంచి కోచ్ ఉంటే బంగారంలాంటిది, రష్యా కుస్తీ సాంబో కూడా, అది దొరకడమే కష్టం. కరాటే, తైక్వాండో ముందే వచ్చి ఉంటే ఆ కాళ్ళ వేగం తర్వాత పనికొస్తుంది, ఎంఎంఏ కోసమే అయితే మాత్రం కొత్తగా వాటితో మొదలుపెట్టాల్సిన పనిలేదు.

చేరేముందు ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూడండి, ముఖ్యంగా చివరి ఇరవై నిమిషాలు. అందరికంటే కొత్తగా కనిపించే మనిషి ఎవరో గుర్తుపట్టి, పాతవాళ్ళు అతనితో ఎలా ఆడుతున్నారో చూడండి. అతను తట్టిన క్షణంలో వదులుతున్నారా, వదిలాక ఎలా తప్పించుకోవాలో ఒక మాట చెబుతున్నారా? మొదటి రోజుల్లోనే హీల్ హుక్ (మడమ పట్టి మోకాలు మెలిపెట్టే పట్టు) వేయనిచ్చే చోట చేరొద్దు, అందులో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ పోవచ్చు. మ్యాట్ రోజూ తుడుస్తారా అని కూడా మొహమాటపడకుండా అడగండి, తామర అంటుకుంటే వారాల తరబడి మ్యాట్ ఎక్కలేరు.

కొనాల్సినవి కూడా తక్కువే: మౌత్‌గార్డ్, ఒంటికి అంటుకునే రాష్‌గార్డ్, జేబులూ జిప్పులూ లేని షార్ట్స్. గోళ్ళు ముందురోజే కత్తిరించుకోండి. మొదటి నెల వారానికి రెండు రోజులు చాలు, మూడో రోజు వెళ్ళాలనిపించినా ఆగండి, మెడ, వేళ్ళు అలవాటు పడాలి. ప్రతి రౌండ్‌కి ముందు ఎదుటి మనిషితో "నేను కొత్త, కాస్త నెమ్మదిగా" అని చెప్పండి. గొంతు మీద చెయ్యి బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే, ఇంకాస్త చూద్దాం అనుకోకుండా, అప్పుడే తట్టేయండి.