చిన్న మిల్లింగ్ మెషిన్‌పై ఫిక్స్చర్ ప్లేట్: చాలాకాలం వాడాక

ఒకే జాబ్ (కోత పెట్టే ముక్క) మళ్లీ మళ్లీ చేసేవాళ్లు ఫిక్స్చర్ ప్లేట్, అంటే జాబ్‌ని బిగించడానికి రంధ్రాల వరసలున్న మందపాటి పలక, తప్పకుండా కొనుక్కోవాలి. ఎప్పటికప్పుడు కొత్త జాబ్ చేసేవాళ్లకి మంచి వైస్ (దవడల మధ్య జాబ్‌ని పట్టే బిగింపు) ఒకటి చాలు. ప్లేట్ అనగానే అందరూ మర రంధ్రాల వరసలే చూస్తారు, కానీ డబ్బు పెట్టాల్సింది డోవెల్ రంధ్రాల కోసం, అంటే పిన్నులు దూర్చి జాబ్‌ని ప్రతిసారీ అదేచోట కూర్చోబెట్టే నునుపు రంధ్రాలు.

నేను వాడేది 6061-టీ6 అల్యూమినియం: 300×150 మి.మీ., మందం 20. 25 మి.మీ. దూరంలో ఎం6 మర రంధ్రాలు, వాటి నడుమ 6 మి.మీ. వ్యాసంతో, హెచ్7 టాలరెన్స్‌కి (అనుమతించే కొలత తేడా) రీమ్ చేసిన, అంటే కచ్చితమైన సైజుకి నునుపు చేసిన డోవెల్ రంధ్రాలు. బరువు రెండున్నర కిలోల లోపే. అదే ఇనుములో అయితే ఏడు కిలోలు.

బిగించే ముందు టేబుల్‌నీ, ప్లేట్ అడుగునీ ఆయిల్ స్టోన్‌తో తేలిగ్గా రుద్ది, తుడిచి, అరచేత్తో తడిమి చూడాలి. టీ-నట్లు (టేబుల్ గాడుల్లో కూర్చునే నట్లు) మధ్య నుంచి అంచులకు బిగించాలి. చిన్న మెషిన్ల టేబుల్ పలచన. బిగించాక టేబుల్ జరిపే హ్యాండిల్ ఒకచోట బరువుగా తిరుగుతోందంటే టేబుల్ వంగినట్టే, కాస్త వదులు చేయండి. ఆ తర్వాత డయల్ గేజ్ పెట్టి ప్లేట్ అంచుని ఎక్స్ దిశకు (టేబుల్ పొడవునా కదిలే దిశ) సరిచేయాలి. పైన ఫ్లై కట్టర్‌తో (ఒకే పంటి వెడల్పు కట్టర్) 0.1 మి.మీ. కోత వేస్తే మంచిదే, కానీ ప్లేట్ విప్పితే ఆ కోత విలువ పోతుంది. స్పిండిల్ ట్రామ్ (స్పిండిల్ టేబుల్‌కి నిటారుగా ఉండటం) సరిగా లేకపోతే ఆ కోతే గుంటగా వస్తుంది.

డోవెల్ విషయంలో ఎక్కువమంది ఇబ్బంది పడేది పిన్నుల దగ్గరే. బజారులో మామూలుగా దొరికేవి ఎం6 టాలరెన్స్ పిన్నులు (మర సైజు కాదు), 6.004 నుంచి 6.012 దాకా ఉంటాయి. హెచ్7 రంధ్రంలో కొట్టి దించాల్సి వస్తుంది, తీసేటప్పుడు రంధ్రం చెడుతుంది. హెచ్6 (చిన్న అక్షరం h) పిన్నులు అడిగి తీసుకోండి, చేత్తో జారతాయి. జాబ్‌కి రెండు పిన్నులు పెడితే ఒకటి గుండ్రంగా, రెండోది రెండు పక్కలా అరగదీసినదిగా ఉండాలి. లేకుంటే దూరంలో కొంచెం తేడా ఉన్నా జాబ్ కూర్చోదు.

ఎండాకాలంలో షెడ్డు పొద్దుటికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీలు మారితే, 300 మి.మీ. పొడవులో అల్యూమినియం పోత ఇనుప టేబుల్ కన్నా 0.05 మి.మీ. ఎక్కువ సాగుతుంది. అందుకే సున్నా (కొలతలు మొదలయ్యే చోటు) జాబ్‌కి దగ్గరి పిన్ను మీదే తీసుకోవాలి.

మరలు అరగడం అల్యూమినియం ప్లేట్ అసలు బలహీనత. బోల్టు మాటిమాటికీ తిప్పే బదులు స్టడ్ (తల లేని మర కడ్డీ) వేసి పైన నట్ బిగిస్తే అరుగుదల నట్‌కి పోతుంది. మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేసుకోవచ్చు. వాడని రంధ్రాల్లో ఎం6 గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) పైమట్టం కన్నా కాస్త లోతుగా దింపాలి. లేదంటే చిప్స్ నిండి, తర్వాత బోల్టు వేసినప్పుడు మరల్ని కోసేస్తాయి.

క్లాంప్ వెనక కాలు జాబ్ కన్నా అర మిల్లీమీటరు ఎత్తులో, బోల్టు జాబ్‌కి దగ్గరగా ఉండాలి. పక్క నుంచి నొక్కే క్లాంపులు జాబ్‌ని పైకి లేపుతాయి, బిగిస్తూ నైలాన్ సుత్తితో కిందికి తట్టాలి. అడుగు దాకా దూసుకుపోయే రంధ్రాలు వేసే జాబ్ కింద ఎండీఎఫ్ (చెక్కపొట్టు బోర్డు) ముక్క పెట్టండి, ప్లేట్ మీదికి డ్రిల్ దిగకుండా.

కొనేటప్పుడు రెండు పిన్నులు 100 మి.మీ. దూరంలో పెట్టి, బయటి నుంచి మైక్రోమీటర్‌తో కొలవండి. 106.00కి 0.03 మించి తేడా ఉంటే ఆ ప్లేట్ తీసుకోవద్దు.