బర్నింగ్ కాస్టా, నష్ట నమూనానా: చిన్న గ్రూపు ఆరోగ్య బీమాకు ఏ లెక్క మేలు?

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల మిల్లుల్లోనూ ప్రైవేటు కళాశాలల్లోనూ సిబ్బంది వ్యవహారాలు చూసేవారు గ్రూపు ఆరోగ్య బీమా రెన్యువల్ దగ్గరపడేసరికి నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: కంపెనీ మన పాత క్లెయిమ్‌లను చూపించి ప్రీమియం పెంచుతోంది, ఈ లెక్క సరైనదేనా, వేరే పద్ధతి లేదా? నెల జీతం 21,000 రూపాయలు దాటనివారికి ఈఎస్ఐ ఉంటుంది కనుక, ఇక్కడి యాజమాన్యాలు విడిగా కొనే పాలసీల్లో సాధారణంగా ఆ పరిమితి దాటిన నూటయాభై, రెండువందల మంది ఉద్యోగులూ వారి కుటుంబాలూ ఉంటారు. గ్రూపు ఇంత చిన్నదై ఉండడమే ఈ ప్రశ్నలో అసలు చిక్కు.

గ్రూపు సొంత పాత క్లెయిమ్‌ల నుంచే వచ్చే ఏడాది ప్రీమియం కట్టడమే బర్నింగ్ కాస్ట్ పద్ధతి. పాలసీ ముగియకముందే కొటేషన్ కావాలి కనుక చేతిలో ఉండేవి తొమ్మిది పది నెలల అంకెలే. వాటిని పన్నెండు నెలలకు సాగదీసి, ఇంకా అందని రీయింబర్స్‌మెంట్ బిల్లుల కోసం కొంత, వైద్య ఖర్చుల పెరుగుదల కోసం కొంత కలిపి, కంపెనీ ఖర్చులకూ కమిషన్‌కూ లాభానికీ చోటు వదిలితే ప్రీమియం వస్తుంది. కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా దీన్ని సరిచూసుకోవచ్చు. అది చిన్న సుగుణం కాదు.

గత రెన్యువల్‌లో నా దగ్గరికి వచ్చిన ఒక మిల్లు కొటేషన్‌ను, అంకెలను కొంత గుండ్రం చేసి, ఇక్కడ పెడుతున్నాను. ఉద్యోగులు 180 మంది, కుటుంబాలతో కలిపి 620 మంది, కుటుంబానికి బీమా మొత్తం 5 లక్షలు. తొమ్మిది నెలల క్లెయిమ్‌లు 15 లక్షలు, అంటే ఏడాదికి 20 లక్షలు. అందని బిల్లులకు 8 శాతం, ధరల పెరుగుదలకు 12 శాతం కలిపితే 24.2 లక్షలు. ప్రీమియంలో నాలుగో వంతు ఖర్చులకు పోతుందని 0.75తో భాగిస్తే 32.3 లక్షలు, దానిపై 18 శాతం జీఎస్టీ. (వ్యక్తిగత పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పన్ను తీసేశారు గాని గ్రూపు పాలసీలకు ఆ వెసులుబాటు లేదు.)

అయితే ఆ 15 లక్షల్లో 5 లక్షలు ఒకే ఉద్యోగి బైపాస్ ఆపరేషన్‌వి. తొమ్మిది నెలలను పన్నెండుకు సాగదీసినప్పుడు ఆ 5 లక్షలు కూడా సాగి 6.67 లక్షలయ్యాయి. కుటుంబానికి 5 లక్షలకు మించి ఇవ్వని పాలసీలో, మిగిలిన మూడు నెలల్లో మరో మూడో వంతు ఆపరేషన్ జరుగుతుందని లెక్క వేసినట్టయింది! కొటేషన్ రాసినవారికి ఇందులో దురుద్దేశం ఉందని నేననను. పద్ధతే అంత, అది మొత్తాన్ని చూస్తుంది గాని ఆ మొత్తం దేనితో ఏర్పడిందో చూడదు.

నష్ట నమూనా చేసేది ఆ విడదీతే. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు వస్తాయన్నది ఒక లెక్క, వచ్చిన క్లెయిమ్ ఎంత పెద్దదన్నది మరో లెక్క. ఫ్రీక్వెన్సీ, సివియారిటీ అని వాడుకలో అంటున్నవి ఇవే. ఇలాంటి గ్రూపుల్లో నూరు మందికి ఏడాదికి 6 క్లెయిమ్‌లు, సగటున ఒక్కోటి 45,000 రూపాయలు అనుకుందాం. 620 మందికి 37 క్లెయిమ్‌లు, మొత్తం 16.7 లక్షలు. సంఖ్యకు పాయిజాన్ విభాజనం (విడివిడి ఘటనల సంఖ్యను అంచనా వేసే గణాంక సూత్రం) వాడితే ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ మామూలుగా ఉండే ఊగిసలాట, 6 కనుక, దానికి రెండింతలు అటూ ఇటూ ఊగినా, ఏ మార్పూ లేకుండానే ఒక ఏడాది 25, మరో ఏడాది 49 రావచ్చు. పాయిజాన్‌లో సగటూ విస్తృతీ (ప్రామాణిక విచలనపు వర్గం) సమానం. అది క్లెయిమ్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్న నమ్మకం మీద నిలిచింది. మన వైపు వానాకాలంలో ఆ నమ్మకం నిలవదు. 2017లో మొదలైన ఒడిశా ప్రభుత్వ మలేరియా నివారణ కార్యక్రమం దమన్ తరువాత మలేరియా బాగా తగ్గినా, ఒకే కాలనీలో దోమకాటు జ్వరాలతో నాలుగైదు ఇళ్లవారు ఒకే వారంలో ఆసుపత్రిలో చేరడం ఆగలేదు. అందుకే విస్తృతి సగటును మించడానికి వీలిచ్చే నెగెటివ్ బైనామియల్ అనే మరో విభాజనం ఇక్కడ నయం. కాన్పులను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు; అవి యాదృచ్ఛికాలు కావు, కొత్తగా పెళ్లయిన ఉద్యోగులెందరో చూస్తే చాలావరకు తెలుస్తాయి.

సివియారిటీకి అలవాటుగా, ఒకే శిఖరంతో పెద్ద బిల్లుల వైపు సాగే ఒక లాగ్‌నార్మల్ వక్రాన్ని అమర్చుతారు. సరిహద్దు జిల్లాల్లో అది తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే మన బిల్లులు రెండు గుంపులు. ఊళ్లోని నర్సింగ్ హోముల్లో జ్వరానికో అపెండిక్స్‌కో చేరినవారివి ఒక గుంపు. పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖపట్నం వెళ్లి చేరినవారివి మరో గుంపు. 37 క్లెయిమ్‌లలో 27 సగటున 20,000 రూపాయలవి, 10 సగటున 1,12,500 రూపాయలవి అయితే మొత్తం సగటు 45,000 వస్తుంది గాని, ఆ 45,000 దరిదాపుల్లో బిల్లు ఒక్కటీ ఉండకపోవచ్చు. రెండు గుంపులను విడిగా ఉంచితే ఒక లాభముంది. విశాఖలోని ఒక ఆసుపత్రి కొత్తగా క్యాష్‌లెస్ జాబితాలో చేరి, ఊళ్లో తీరిపోయే మూడు క్లెయిమ్‌లు అక్కడికి తరలితే, క్లెయిమ్‌ల సంఖ్య పెరగకుండానే ఖర్చు దాదాపు 2.8 లక్షలు పెరుగుతుంది. నమూనాలో ఒక అంకె మారిస్తే ఇది ముందే కనిపిస్తుంది. బర్నింగ్ కాస్ట్‌లో ఏడాది గడిచాక గాని కనిపించదు. అతిపెద్ద బిల్లులకు లాగ్‌నార్మల్ వక్రమా, పరేటో వక్రమా అన్న వాదన మాత్రం మనకు అంత ముఖ్యం కాదు, బీమా మొత్తమే పైతోకను, అంటే ఆ అతిపెద్ద బిల్లులను, 5 లక్షల దగ్గర కోసేస్తుంది. కార్పొరేట్ బఫర్ (కుటుంబపు బీమా మొత్తం అయిపోయాక వాడుకునే ఉమ్మడి మొత్తం) కొన్నవారు ఆలోచించుకోవలసిన విషయమది.

ఇంతకూ, నా తీర్పును నిర్ణయించేది ఈ వక్రాలేవీ కావు. మన సొంత క్లెయిమ్‌లను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే అసలు ప్రశ్న, దీనికి యాక్చువరీలు (బీమా గణకులు) వాడే పాత కొలత ఒకటుంది. నూటికి 90 సందర్భాల్లో సగటుకు 5 శాతం లోపల ఉండాలంటే, క్లెయిమ్‌ల సంఖ్య వరకే చూసినా 1,082 క్లెయిమ్‌లు కావాలి. బిల్లుల పరిమాణంలోని హెచ్చుతగ్గులను కూడా, వాటి ప్రామాణిక విచలనం సగటుకు ఒకటిన్నర రెట్లని లెక్కలోకి తీసుకుంటే, అది 3,517 అవుతుంది. మన దగ్గరున్నవి 37. వీటి నిష్పత్తికి వర్గమూలం తీస్తే సొంత అనుభవానికి దక్కే బరువు 10 శాతం. మూడేళ్లవి, అంటే 111 క్లెయిమ్‌లు చూపినా 18 శాతమే. సొంత అనుభవమైన 24.2 లక్షలకు 10 శాతం, మిగతా 90 శాతం బరువు పుస్తక రేటుకు, అంటే ఇలాంటి గ్రూపులన్నిటి సగటుతో వచ్చిన 16.7 లక్షలకు, ఇచ్చి కలిపితే 17.4 లక్షలు, ఖర్చులతో 23.2 లక్షలు. 32.3కూ దీనికీ 9 లక్షల తేడా ఉంది. ఆ తేడా అంతా ఒక ఉద్యోగి గుండెమీద, ఒక ఏడాది అదృష్టం మీద వేసిన ప్రీమియమే.

ఈ వర్గమూల సూత్రం మొరటుదని ఒప్పుకోవాలి. హాన్స్ బూల్‌మన్ 1967లో ప్రకటించిన పద్ధతిలో, గ్రూపుల మధ్య నిజమైన తేడా ఎక్కువైన కొద్దీ సొంత అనుభవానికి బరువు పెరుగుతుంది. దుమ్ములో పనిచేసే క్రషర్ సిబ్బందినీ కళాశాల అధ్యాపకులనూ ఒకే పుస్తక రేటుతో కొలవడం న్యాయం కాదు కనుక అది మెరుగైన లెక్క. అయితే అందుకు అనేక గ్రూపుల వివరాలు కావాలి, అవి బీమా కంపెనీ దగ్గర తప్ప మన దగ్గర ఉండవు. ఇక నమూనాకు మరో బలహీనత ఉంది: 16.7 లక్షలన్న ఆ పుస్తక రేటు ఎక్కడిదని అడిగితే చూపించడానికి కంపెనీలు ఇష్టపడవు, మనం దాన్ని నమ్మవలసిందే. అరవై వేల మందికి చేరువైన గ్రూపులైతే ఈ గొడవ అక్కర్లేదు, బర్నింగ్ కాస్టే చాలు.

ఇక మిగతా పద్ధతుల సంగతి. తలకింతని చెప్పే చదును రేటు, తల్లిదండ్రులను ఐచ్ఛికంగా చేర్చుకునే పాలసీల్లో ఆరోగ్యవంతులు తప్పుకొని జబ్బుపడ్డవారే మిగిలేలా చేస్తుంది. ట్వీడీ, జీఎల్ఎమ్ అనే గణాంక నమూనాలు లక్షల మంది వివరాలున్న కంపెనీల పనిముట్లు. అగ్ని బీమాకు టారిఫ్ (అందరికీ ఒకటే అని ముందే కట్టిన ధర) ఉన్న 2007కు ముందు రోజుల్లో ఆ వ్యాపారం కోసం ఆరోగ్య పాలసీని నష్టానికి ఇచ్చేవారు కనుక, అప్పటి ప్రీమియంలతో పోల్చి బాధపడటం దండగ.

మిల్లు సంగతికి వస్తే, బైపాస్ ఖర్చును సాగదీయకుండా ఒక్కసారే లెక్కించమని అడిగినప్పుడు ఆ కంపెనీ 29.6 లక్షలకు దిగింది. మరో కంపెనీ 2 లక్షలకు మించిన భాగాన్ని పక్కనపెట్టి, దానికి బదులు గ్రూపులన్నీ పంచుకునే చిన్న రుసుము కలిపి 26 లక్షలు చెప్పింది. యాజమాన్యం అక్కడే సంతకం చేసింది. ఈ ఏడాది టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి వచ్చే క్లెయిమ్‌ల పట్టికలో ఆసుపత్రి ఉన్న ఊరి పేరుకు ఒక గడి అదనంగా పెట్టమని ఇప్పుడే రాశాను.