పెరోనియలా, ఫిబ్యులారా?

మోకాలి కింద బయటివైపు తడిమి చూస్తే చిన్న ఎముక గుబ్బ చేతికి తగులుతుంది. అది ఫిబ్యులా అనే సన్నటి కాలి ఎముక పైకొస. ఆ గుబ్బకు కాస్త కింద ఉండే ఎముక మెడను చుట్టుకుని, దాదాపు చర్మం కిందే ఒక నరం వెళ్తుంది. అక్కడ గట్టి దెబ్బ తగిలినా, సిమెంటు కట్టు బిగుసుకున్నా పాదం పైకి లేవకుండా వేలాడిపోవచ్చు. దాన్నే ఫుట్ డ్రాప్ అంటారు.

ఈ నరానికి రెండు పేర్లు. ఆసుపత్రి రిపోర్టుల్లో తరచూ 'కామన్ పెరోనియల్', కొత్త అనాటమీ పుస్తకాల్లో 'కామన్ ఫిబ్యులార్'. రెండు జబ్బులేమో అని టెన్షన్ పడక్కర్లేదు. లాటిన్‌లో ఫిబులా అంటే బట్టలకు పెట్టుకునే పిన్ను, గ్రీకులో పెరోనే అన్నా దాదాపు అదే.

1998 నాటి అంతర్జాతీయ పదకోశం 'టెర్మినోలోజియా అనాటమికా' ఫిబ్యులారిస్‌ను (ఫిబ్యులార్‌కు లాటిన్ రూపం) ముందు పెట్టింది. నా ఓటూ దానికే. ఎముక పేరు తెలిస్తే చాలు, నరం ఎక్కడుందో తెలిసిపోతుంది. పైగా పెరోనియల్‌ను 'పెరినియల్' అని పొరబడే ప్రమాదం ఉంది. అదేమో మలద్వారానికీ జననాంగాలకూ మధ్య భాగం! ఫోన్‌లో చెప్పేటప్పుడు మరీ కష్టం.

కాకపోతే సీనియర్ డాక్టర్ల నోట పెరోనియలే నలిగింది. అందుకే విద్యార్థులు ముందు ఫిబ్యులార్ రాసి, పక్కనే బ్రాకెట్లో పెరోనియల్ కూడా రాయడం మంచిది.