బలశాలి బొజ్జ, బాడీబిల్డర్ పొట్ట, సన్న నడుము: ఏది మేలు?

మా మేనల్లుడికి 22 ఏళ్లు. రెండేళ్లుగా జిమ్ మానకుండా వెళ్తున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు బనియన్ పైకెత్తి, “మామయ్యా, ఎదురుగా చూస్తే గీతలు కనబడుతున్నాయి, పక్కకి తిరిగితే మాత్రం పొట్ట ముందుకొచ్చేసింది, ఇది కండా, కొవ్వా?” అని అడిగాడు. వాడు తేలిగ్గానే అడిగాడు కానీ నాకు తేలిగ్గా అనిపించలేదు. ఇంకో రెండు నెలల్లో ఎవరో ఒకరు వాడి చేతిలో తప్పుడు జవాబు పెడతారని తెలుసు, అందుకే కూర్చోబెట్టి మాట్లాడాను. అప్పుడు చెప్పినవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బరువులెత్తేవాళ్ల పొట్ట. పెద్ద బరువుతో స్క్వాట్, అంటే బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం, చేసేవాడిని దగ్గర నిలబడి చూడండి. బార్ కిందికి దూరి, భుజాల మీద సర్దుకుని, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాక నోటితో గట్టిగా గాలి పీల్చుతాడు. ఆ గాలికి ఛాతీ పెద్దగా లేవదు. నడుము ఉబ్బుతుంది, ముందూ పక్కలా వెనకా అంతటా. తోలు బెల్టు కిర్రుమంటుంది, దాని పై అంచు మీద చర్మం మడత పడుతుంది, ముఖం ఎర్రబడిపోతుంది. ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం కిందికి దిగి పొట్ట లోపల ఒత్తిడి పెంచితే, చుట్టూ ఉన్న కండలు దాన్ని బయటికి పోనీయకుండా బిగించి పట్టుకుంటాయి, ఆ ఒత్తిడే వెన్నుపూసకి ఆసరా. గాలి తక్కువున్న లారీ టైరు లోడు పడగానే అణిగిపోతుంది, నిండా కొట్టింది నిలబడుతుంది, ఇదీ అంతే. ఛాతీకి కట్టిన గొలుసులు ఊపిరి బిగబట్టి తెంచేవాడని మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గురించి చెప్పుకుంటారే, ఆ విద్యకీ ఊపిరే మూలం.

ఇలా ఏళ్ల తరబడి బిగిస్తుంటే పక్క కండలు, వెన్నుకి రెండు పక్కలా తాళ్లలా ఉండే కండలు మందం అవుతాయి. నడుము చుట్టుకొలత పెరుగుతుంది. ఇది నిజమైన కండ, దీని గురించి దిగులు అక్కర్లేదు. కానీ కండ వల్ల వచ్చిన నడుము దిమ్మలా మందంగా ఉంటుంది, కుండలా ముందుకి తోసుకు రాదు. ముందుకొచ్చిందంటే అందులో తిండి వాటా, కొవ్వు వాటా ఉన్నట్టే.

మరి పెద్ద పెద్ద బలశాలులందరికీ ఆ బొజ్జ ఎందుకుంటుంది? వాళ్ల విభాగంలో బరువుకి పైహద్దు లేదు కాబట్టి. జార్జియా లిఫ్టర్ లాషా తలఖాద్జే 2021లో తాష్కెంట్‌లో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి లేపడం) 225, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకి, ఆపైన తలపైకి) 267, మొత్తం 492 కిలోలు ఎత్తాడు. ఎడ్డీ హాల్ 2016లో డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బార్ పట్టుకుని నిటారుగా నిలబడటంలో, 500 కిలోలు లేపితే, 2020లో హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 501 లేపాడు. వీళ్ల ఒంటి బరువులు 170 కిలోల పైనే, బ్యోర్న్‌సన్‌ది 200 పైనే. కండ పెరగాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికన్నా ఎక్కువ తినాలి, ఆ స్థాయిలో తిన్నదంతా కండే కావడం జరగదు, కొవ్వు కూడా పడుతుంది, పైహద్దు లేనప్పుడు దాన్ని తగ్గించుకోవాల్సిన అవసరం వాళ్లకి రాదు. పైగా కొన్ని లాభాలూ ఉన్నాయి. బెంచ్ ప్రెస్‌లో (పడుకుని బార్‌ని ఛాతీకి దించి పైకి తోయడం) మొండెం మందంగా ఉంటే బార్ దిగాల్సిన దూరం తగ్గుతుంది, స్క్వాట్ అడుగున పొట్ట తొడలకి ఆని కొంత ఊతం దొరుకుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం అదే పొట్ట వంగనివ్వదు. ఎడ్డీ హాల్ 2017లో ప్రపంచ బలశాలి టైటిల్ గెలిచి ఆ పోటీ నుంచి తప్పుకున్నాడు, అంత బరువు తన ప్రాణానికే మంచిది కాదని తనే చెప్పాడు.

బొజ్జ వల్లే బలం వస్తుందనుకునేవాళ్లకి నేనెప్పుడూ చెప్పే పేరు టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు, అంటే తన బరువుకి మూడు రెట్ల పైన. నడుము మీద చిటికెడు కొవ్వు లేదు. మన ఆముదాలవలస దగ్గరి అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలతో కాంస్యం తెచ్చింది, టోక్యోలో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 ఎత్తి రజతం తెచ్చింది. బరువు హద్దు ఉన్నచోట పనికిరాని ప్రతి కిలో భారమే. అందుకే వాళ్ల నడుము గట్టిగా, మందంగా ఉంటుంది, ముందుకి మాత్రం రాదు. హద్దులేని బలశాలుల పోటీలోనే పోలండ్ వాడు పుజియనోవ్‌స్కీ ఐదుసార్లు గెలిచాడు, వాడి పొట్ట మీద గీతలు లెక్కపెట్టొచ్చు.

ఇక రెండోది, నాకు నిజంగా భయం వేసేది, పెద్ద బాడీబిల్డర్ల పొట్ట. స్టేజి మీద చర్మం కింద కొవ్వు దాదాపు లేదు, ఆరు పలకలూ విడివిడిగా ఉన్నాయి, అయినా ఆ పలకలతో సహా పొట్ట మొత్తం గుమ్మటంలా ముందుకొస్తుంది. బయట కొవ్వు లేకుండా పొట్ట ఉబ్బిందంటే తోస్తున్నది లోపల్నుంచే. కారణాలు ఒకటి కాదు. 120, 130 కిలోల కండని నిలబెట్టడానికి రోజుకి ఆరేడుసార్లు అన్నం, చికెన్ తింటూనే ఉంటారు, పేగులు ఎప్పుడూ నిండే ఉంటాయి. పోటీ ముందు రోజుల్లో కండ నిండుగా కనబడాలని పిండిపదార్థాలు మరీ ఎక్కువగా ఎక్కిస్తారు, వాటితో పాటు నీరూ, గ్యాసూ చేరతాయి. చాలాసేపు స్టేజి మీద బిగించి నిలబడితే అలసిపోయి, ఊపిరి తీసుకునే క్షణంలో పొట్ట జారిపోతుంది. వీటన్నిటి మీదా గ్రోత్ హార్మోన్, ఇన్సులిన్ ఇంజెక్షన్లు. ఒంట్లో గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే జబ్బు ఒకటుంది, ఆక్రోమెగలీ అంటారు. అందులో చేతులు, దవడలతో పాటు గుండె, కాలేయం లాంటి లోపలి అవయవాలు కూడా పెరిగిపోతాయి. బయటి నుంచి అదే హార్మోన్ ఏళ్ల తరబడి ఎక్కించుకుంటే అది కండ దగ్గరే ఆగుతుందని ఎలా అనుకుంటాం?

ఫ్రాంక్ జేన్ 1977, 78, 79లో బాడీబిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్ మిస్టర్ ఒలింపియా గెలిచాడు, స్టేజి మీద బరువు 84 కిలోల చుట్టుపక్కల. 1998 నుంచి 2005 దాకా ఎనిమిదిసార్లు గెలిచిన రోనీ కోల్‌మన్ ఒక దశలో 130 కిలోల దగ్గరికి వెళ్లాడు. ఇద్దరి ఎత్తులో పెద్ద తేడా లేదు. ఆ 45 కిలోల తేడా కోసం తిన్నది, ఎక్కించుకున్నది అంతా ఆ నడుము గుండానే వెళ్లాలి కదా. 2015లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ కూడా బాహాటంగానే అన్నాడు, ఒకప్పుడు వి ఆకారంలో ఉండే ఒళ్లు ఇప్పుడు సీసాల్లా తయారయ్యాయని. ఆ మరుసటి ఏడాదే ఒలింపియాలో ఎత్తుని బట్టి బరువు హద్దు ఉండే క్లాసిక్ ఫిజిక్ విభాగం మొదలైంది.

మూడోది జేన్ లాంటి సన్న నడుము. చూడటానికి నాకు ఎప్పటికీ ఇదే ఇష్టం. ఊపిరి మొత్తం వదిలేసి, బొడ్డుని వెనక్కీ పైకీ లాగి పట్టుకునే వాక్యూమ్ ఇందులో ముఖ్యమైన సాధన. అన్నిటికన్నా లోపల నడికట్టులా చుట్టుకుని ఉండే కండకి దీనివల్ల పట్టు వస్తుంది, నిలబడ్డప్పుడు పొట్ట వేలాడదు. ఉదయం పరగడుపున నాలుగైదుసార్లు చేస్తే చాలు. కానీ దీనివల్ల కొవ్వు కరగదు, కటి ఎముక వెడల్పుగా ఉన్నవాడికి నడుము ఎంత చేసినా ఒక హద్దు దాటి సన్నబడదు. ఆ తరం వాళ్లూ స్టెరాయిడ్లు వాడారు, కాబట్టి ఆ ఫొటోలు చూసి మనకీ అచ్చం అలాగే రావాలనుకోవడం తప్పు. ఇంకో పొరపాటు ప్రతి జిమ్‌లో చూస్తుంటాను. బరువెత్తేటప్పుడు కూడా “పొట్ట లోపలికి లాక్కో” అంటారు. వద్దు. వాక్యూమ్ వేరు, బరువు కింద బిగింపు వేరు. బరువు ఉన్నప్పుడు చుట్టూ బయటికి ఒత్తాలి, పక్కల మీద వేళ్లు పెట్టుకుంటే ఆ వేళ్లని కండ తోయాలి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు, ఆ క్షణంలో బీపీ విపరీతంగా పెరుగుతుంది. బొడ్డు దగ్గరో గజ్జల్లోనో దగ్గినప్పుడు గడ్డలా పొడుచుకొస్తే అది హెర్నియా కావచ్చు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఇంతకీ మావాడి పొట్ట? టేపు తెచ్చి కొలిచాను. రాత్రి భోజనం అయ్యాక 88 సెంటీమీటర్లు, పొద్దున్నే పరగడుపున 83. ఆ 5 సెంటీమీటర్లు కొవ్వూ కాదు, కండా కాదు, తిండీ గాలీ. పాలల్లో బరువు పెంచే మాస్ గెయినర్ పొడి కలుపుకుని రోజుకి మూడుసార్లు తాగుతున్నాడట, పాలు వాడికి చిన్నప్పటి నుంచీ పడవు. పైగా నిలబడేటప్పుడు నడుము వెనక్కి విరిచి, పిరుదులు వెనక్కీ పొట్ట ముందుకీ పెట్టి నిలబడతాడు, అలా నిలబడితే ఎవరికైనా పొట్ట వచ్చినట్టే ఉంటుంది. గెయినర్ ఆపి రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు ఎక్కువ తినమన్నాను.

పెద్దవాళ్ల విషయంలో ఇంత తేలిక కాదు. మన దక్షిణాసియా మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెబుతారు, మనకి పొట్ట లోపలి కొవ్వు త్వరగా పడుతుంది కాబట్టి. చేతికి మెత్తగా దొరికే కొవ్వు చర్మం కిందిది. పట్టుకుంటే దొరకకుండా గట్టిగా, గుండ్రంగా ఉండే పొట్టే ఎక్కువ ప్రమాదం, అది అవయవాల చుట్టూ చేరిన కొవ్వు. “నాది బరువులెత్తిన పొట్టలే” అని దాన్ని సమర్థించుకోవద్దు. లిఫ్టర్‌కైనా టేపు 100 చూపిస్తే సుగరు, బీపీ చూపించుకోవాల్సిందే.

మూడింటిలో నాకేది మేలంటే, మల్లీశ్వరి, నయీమ్‌ల తరహా నడుము. కాస్త మందంగా ఉన్నా ఫర్వాలేదు, దాంతో పాటు పరగడుపున వాక్యూమ్. 120 కిలోల పైన విభాగంలో పోటీకి దిగేవాడు బొజ్జతో బతకొచ్చు, కొన్నేళ్లు, డాక్టరు కనుసన్నల్లో, పోటీలు మానేశాక దింపేసుకునే ఉద్దేశంతో. బాడీబిల్డర్ గుమ్మటం పొట్ట మాత్రం ఎవరికీ మేలు కాదు, స్టేజి మీద కూడా.

మావాడు ఊరెళ్లాక ఫోన్ చేశాడు. జిమ్‌లో ఒకాయన గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ తెప్పిస్తానన్నాడట, కోర్సు వేసుకుంటే ఆర్నెల్లలో మనిషే మారిపోతాడన్నాడట. “తీసుకోలేదు మామయ్యా, ఊరికే అడుగుతున్నా” అన్నాడు. గ్లూకోజు పెరగడం నుంచి గుండె గోడ మందం కావడం దాకా ఒక్కొక్కటీ చెప్పాను. అరగంట విన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను.