‘ఒకసారి చేస్తే అన్నింటిలో నడుస్తుంది’ అనే సాఫ్ట్‌వేర్ కొనేముందు జాగ్రత్త

విశాఖపట్నంలో బడులకు, మ్యూజియాలకు మల్టీమీడియా పాఠాలు తయారుచేస్తున్న వారందరికీ ఈ హెచ్చరిక. విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్ మూడింటిలోనూ ఒకే ప్రాజెక్టు నడుస్తుందని చెప్పి నగరంలోని ఒక డీలరు మా బృందానికి ఏడాది లైసెన్సుతో ఒక డెవలప్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్మారు. తెలుగు వస్తుందా అని అడిగితే నిస్సంకోచంగా వస్తుందన్నారు.

తొట్లకొండ బౌద్ధ క్షేత్రంపై చిత్రాలు, వ్యాఖ్యానం, చిన్న వీడియోలు కలిపి మేము చేసిన పాఠం ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. దానినే ఆండ్రాయిడ్ ఫోనులోకి ఎక్కించగానే ‘స్తూపం’ అన్న చోట త వత్తు కిందికి దిగక, పొల్లుతో ‘స్’ ఒకచోట, ‘తూ’ మరొకచోట విడివిడిగా నిలిచాయి. తెలుగు సరిగా కనిపించాలంటే అక్షరాలను వరుసగా పేర్చితే చాలదు; ఫాంటులోని నియమాలను చదివి ఏ వత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించే హార్ఫ్‌బజ్ వంటి భాగం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి. గేమ్‌లు, యాప్‌లు తయారుచేయడానికి ఉచితంగా దొరికే గోడో ఇంజిన్‌లో ఈ సౌకర్యం 2023లో విడుదలైన 4.0 వెర్షన్‌తో వచ్చింది. మేము డబ్బు పోసి కొన్న దానిలో నేటికీ లేదు. ప్రతి వాక్యాన్నీ బొమ్మగా మార్చి పెట్టుకోమని డీలరు ఇచ్చిన సలహా ఎంతమాత్రం ఆమోదించదగినది కాదు, ఎందుకంటే ఒక్క అక్షరం దిద్దాలన్నా బొమ్మ మళ్లీ చేయాలి, పైగా చూపులేని పిల్లలకు తెరపై పాఠాన్ని చదివి వినిపించే సాధనం ఆ బొమ్మలోని మాటలను అందుకోలేకపోవచ్చు.

ఐఫోన్‌కు విడిగా మాడ్యూల్ కొనాలని, యాప్‌ను సిద్ధం చేయడానికి ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఉన్న మ్యాక్ కంప్యూటర్ కావాలని, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలని డబ్బు చెల్లించాకే తెలిసింది.

అన్నిటికంటే ముఖ్యంగా అప్‌డేట్ల చరిత్ర చూడండి. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా చేసుకునే కొత్త యాప్‌లు, పాత యాప్‌ల అప్‌డేట్లు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోను తన మెమరీని విభజించుకునే భాగాలకు) అనుకూలంగా ఉండాలని గూగుల్ ప్లే 2025 నవంబరు 1 నుంచి నియమం పెట్టింది. సాఫ్ట్‌వేర్ తయారీదారు తన ఇంజిన్‌ను అందుకు తగ్గట్టు మార్చకపోతే, మన వైపు ఏ లోపమూ లేకున్నా మన యాప్‌ను అక్కడ కొత్తగా పెట్టలేము, అప్‌డేట్ చేయలేము. ఒకప్పుడు ఈ రంగాన్ని ఏలిన ‘డైరెక్టర్’ అనే మల్టీమీడియా సాఫ్ట్‌వేర్ అమ్మకాన్నే అడోబీ 2017లో ఆపేసింది కదా.

కాబట్టి ట్రయల్ వెర్షన్‌లో మీ సొంత తెలుగు పాఠాన్నే, వత్తులు దట్టంగా ఉన్నదాన్ని, తక్కువ ధర ఫోనులో నడిపి చూడకుండా డబ్బు కట్టవద్దు. ఏ పరికరాలలో నడుస్తుందన్నారో, వాపసు షరతులేమిటో కొటేషన్‌లో రాయించుకోండి. లైసెన్సు యాక్టివేట్ అయింది కనుక సొమ్ము తిరిగి ఇవ్వబోమని మాకు చెప్పారు. బిల్లు, ఫోను తెర ఫోటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేశాము. ఇదే అనుభవం ఎదురైనవారు తమ బిల్లులను భద్రపరచుకుని వెంటనే ఫిర్యాదు చేయగలరు.