తరగతి గదిలో డాక్యుమెంటరీ: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే నేను తొమ్మిదేళ్లుగా ఏటా మూడు నాలుగు డాక్యుమెంటరీలను పాఠంలో భాగంగా చూపిస్తున్నాను. పుట్టుక, మతం, ఒంటి రంగు, యాస పేరిట తోటివాళ్లను దూరం పెట్టే అలవాటు తగ్గాలని, తరగతిలో ఏ పిల్లా ఏ పిల్లవాడూ తాము పరాయివాళ్లమని అనుకోకూడదని మొదలుపెట్టిన పని ఇది. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, మంచి చిత్రాన్ని ఎంచుకోవడం పనిలో సగం కూడా కాదు. దాన్ని ఎక్కడ ఆపుతున్నాం, ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఆ కథ ఎవరికి నేరుగా తగులుతుంది అన్నవి ముందే ఆలోచించుకోకపోతే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వాడింది 1995లో అమెరికాలో పీబీఎస్ అనే ప్రజా టీవీ సంస్థ ప్రసారం చేసిన ‘నాట్ ఇన్ అవర్ టౌన్’. మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ పట్టణంలో 1993లో జరిగిన సంగతులను ఇది చెబుతుంది. ఒక ఆదివాసీ కుటుంబం ఇంటి మీద ఎవరో ద్వేషపు రాతలు రాస్తే, పెయింటర్ల సంఘం సభ్యులు వచ్చి ఆ ఇంటికి రంగు వేశారు. ఆ డిసెంబరులో, హనూకా పండుగ గుర్తులు అలంకరించుకున్న ఒక యూదు కుటుంబం ఇంట్లో, చిన్నపిల్లవాడి పడకగది కిటికీని రాయితో పగలగొట్టారు. ఆ గుర్తులు తీసేయడం మంచిదని పోలీసు అధికారి ఒకరు ఆ తల్లికి సలహా ఇచ్చారు. స్థానిక దినపత్రిక, హనూకాలో వెలిగించే మెనోరా దీపస్తంభం బొమ్మను పూర్తి పేజీలో అచ్చువేసింది, యూదులు కాని కుటుంబాలు వేల సంఖ్యలో దాన్ని తమ కిటికీలకు అంటించుకున్నాయి.

నేను ఈ చిత్రాన్ని పగిలిన కిటికీ దగ్గరే ఆపేస్తాను. ‘మీరు పక్కింట్లో ఉన్నారు, తెల్లవారింది, ఏం చేస్తారు?’ అని అడుగుతాను. మొదట్లో చేతులెత్తి చెప్పమనేదాన్ని. అందరూ నేను మెచ్చుకునే జవాబే చెప్పేవారు. తర్వాత పేరు రాయకుండా చీటీ మీద రాయమనడం మొదలుపెట్టాను. ‘మా అమ్మ మనకెందుకు అంటుంది, నాకూ భయమే’ అని ఒక చీటీలో ఉంది. దాన్ని పైకి చదివినప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు మిగిలిన సమయమంతా భయం గురించే మాట్లాడుకున్నాం: గుర్తు తీసేయమన్న అధికారి ఆ కుటుంబం క్షేమం కోరాడా, దాడి చేసినవాళ్ల మాట నెగ్గనిచ్చాడా అని పిల్లలు రెండు పక్షాలుగా వాదించుకున్నారు. హింసించేవాళ్లు, బాధపడేవాళ్లు మాత్రమే కనబడే చిత్రాల్లో ఈ చర్చకు చోటు ఉండదు. చూస్తూ నిలబడినవాళ్లు ఏం చేశారో చూపించే చిత్రంలోనే పిల్లలు తమను తాము వెతుక్కోగలుగుతారు, ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది రోజూ ఉండే స్థానం అదే.

మూడో ఏట నేను చేసిన తప్పు చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఒక సమూహం పడిన అవమానాల మీద తీసిన చిత్రాన్ని ముందు మాట ఏదీ చెప్పకుండా చూపించాను. తెర మీద ఆ సమూహం పేరు వినబడగానే ముందు బెంచీల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి ఒక పిల్లవాడిని చూశారు. ఆ పిల్లవాడు చిత్రం అయ్యేదాకా పెన్ను మూత తీయడం, పెట్టడం చేస్తూ ఉన్నాడు గాని ఒక్కసారీ తెర వైపు చూడలేదు. మర్నాడు బడికి రాలేదు. వచ్చాక విడిగా మాట్లాడితే, ‘అందరికీ నన్నే చూపించినట్టు అనిపించింది టీచర్’ అన్నాడు. కలుపుకోవాలని చేసిన పనితోనే నేను ఆ పిల్లవాడిని వేరు చేశాను. అప్పటినుంచి ఏం చూపించబోతున్నానో రెండు రోజుల ముందు తరగతి మొత్తానికి చెబుతున్నాను. ఆ సమూహం మనుషులు పని చేస్తూ, వాదిస్తూ, నవ్వుతూ కనబడని చిత్రాన్ని, అంటే వాళ్లను బాధితులుగా తప్ప మరోలా చూపించని చిత్రాన్ని, ఎంచుకోను. ‘నువ్వు చెప్పు, మీ వాళ్లకు ఎలా ఉంటుంది?’ అని ఏ పిల్లనూ అడగను. శవాల దృశ్యాలు చూపించను. అవి చూసిన పిల్లలు దిగ్భ్రాంతితో నోరు మెదపలేరు, ఆ మౌనాన్ని అవగాహన అనుకొని మనం పొరబడతాం.

1985 నాటి ‘ఎ క్లాస్ డివైడెడ్’ డాక్యుమెంటరీ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. నల్లజాతీయుల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్‌లో, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే ఉపాధ్యాయిని మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీసి, ఒక రోజు ఒక గుంపును, మరో రోజు రెండో గుంపును తక్కువవాళ్లుగా చూసింది. 1970లో ఆమె దగ్గర ఇదే పాఠం నేర్చుకున్న విద్యార్థులు పెద్దయ్యాక తిరిగి వచ్చి మాట్లాడిన భాగం చాలా విలువైనది. చూసిన ప్రతి తరగతీ ‘మనమూ ఆడదాం టీచర్’ అంటుంది. నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇప్పటికే రోజూ తక్కువ చేయబడుతున్న పిల్లలు కూర్చున్న గదిలో దాన్ని ఆటగా ఆడించే హక్కు నాకు లేదు.

పరికరాల గురించి చెప్పవలసింది కొంచెమే. గది పూర్తిగా చీకటి చేయకండి, పిల్లల ముఖాలు మీకు కనబడాలి. వెనక కూర్చున్నవాళ్లకు సబ్‌టైటిళ్లు అందవు కాబట్టి నేను వ్యాఖ్యానం వచ్చే చోట ధ్వని తగ్గించి తెలుగులో చెబుతాను, మనుషులు మాట్లాడే చోట మాత్రం వాళ్ల గొంతులను అలాగే ఉంచుతాను.

ఫలితం కొలిచి చూపించగలిగేది కాదు. ఒక తరగతిలో యాసను వెక్కిరిస్తూ పెట్టిన పేరు కొన్ని వారాల్లో మాయమైంది, ఆ పేరు పెట్టిన పిల్లవాడే తక్కినవాళ్లను ఆపడం నేను విన్నాను. మరో ఏడు అవే చిత్రాలు, అవే ప్రశ్నలు వాడినా ఇద్దరు ముగ్గురిలో ఏ మార్పూ రాలేదు. ఫోనులో రోజంతా ద్వేషపు వీడియోలు చూసే పిల్లవాడికి నెలకో డాక్యుమెంటరీ చాలదు.

మొత్తం చిత్రానికి, మాటలకు కలిపి కనీసం రెండు పీరియడ్లు ఇవ్వగలిగిన ఉపాధ్యాయులకు ఈ పద్ధతిని గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక్క 45 నిమిషాల పీరియడే చేతిలో ఉంటే ఎనిమిది నిమిషాల భాగం చాలు, మిగతాదంతా పిల్లల చీటీలకు వదిలేయండి. సిలబస్ ముగిశాక కాలక్షేపానికైతే వేరే సినిమా వేయండి.