కూల్చి కట్టిన ఆట: బెంగళూరు నుంచి ఫైనల్ ఫాంటసీ 14

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటను ఏళ్ల తరబడి ఆడాక ఒకటి అర్థమవుతుంది: ఇందులో నచ్చేవీ, విసుగు పుట్టించేవీ చాలావరకు ఒకే చోటి నుంచి వచ్చాయి. 2010 సెప్టెంబరులో వచ్చిన మొదటి రూపం చతికిలబడింది. మెనూ తెరిచినా సర్వర్ జవాబు కోసం ఆగాల్సిందే. అవే కొండలు, అవే లోయలు అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ. పూలకుండీ ఒక్కదానికి మనిషి బొమ్మకు పెట్టినన్ని పాలిగాన్లు (3డీ బొమ్మను కట్టే చిన్న ముక్కలు)! ఈ కుండీ సంగతి ఆట నిర్మాత, దర్శకుడు నవోకి యోషిదా 2014లో జీడీసీ అనే గేమ్ తయారీదారుల సదస్సులో తానే చెప్పాడు.

ఆయన 2010 డిసెంబరులో పగ్గాలు పట్టాడు. మరమ్మతా, కూల్చి కట్టడమా అన్న ప్రశ్నకు రెండూ అన్నదే ఆయన జవాబు. జనాన్ని పాత ఇంట్లోనే ఉంచి, కారే కప్పు సర్దుతూ, పక్కన కొత్తిల్లు లేపించాడు. 2012 జనవరి దాకా నెల రుసుము తీసుకోలేదు. 2012 నవంబరు 11న బహముత్ అనే రాక్షస డ్రాగన్ లోకాన్ని కాల్చేసే కథతో పాత సర్వర్లు ఆపి, 2013 ఆగస్టు 27న కొత్తది విడుదల చేశారు. మూడేళ్లు కూడా నిండలేదు. వేలమంది ఒకే లోకంలో ఆడే ఇలాంటి ఆన్‌లైన్ ఆటకు (ఎంఎంఓ) అది చాలా తక్కువ గడువు.

ఆ తొందర 1 నుంచి 50 లెవెల్ కథలో తెలిసిపోతుంది. వెళ్లు, అడిగిరా, తెచ్చివ్వు, మళ్లీ వెళ్లు. 2020 ఆగస్టులో 5.3 ప్యాచ్‌తో (ఆటకు వచ్చే అప్‌డేట్) కొన్ని క్వెస్టులు, అంటే కథలో అప్పగించే పనులు, కత్తిరించారు, అయినా సాగదీత పోలేదు. ఓపిక పట్టండి. కథను దాటించే వస్తువు కొంటే తర్వాతి కథాభాగం హెవెన్స్‌వార్డ్ సగం రుచి పోతుంది. నలుగురు దొరకని చోట డ్యూటీ సపోర్ట్ పెట్టుకుంటే కథలోని పాత్రలే తోడొస్తాయి.

2013లో విడుదలైనప్పుడు లాగిన్ దొరక్క గొడవైతే డిజిటల్ అమ్మకాలు ఆపారు. 2021 డిసెంబరులో ఎండ్‌వాకర్ అనే కొత్త భాగానికి జనం ఎగబడి, లాగిన్ వరుసలోంచి బయటికి నెట్టే 2002 ఎర్రర్ వరదలా వచ్చినప్పుడూ అంతే: అమ్మకం ఆపి, చందాదారులకు మొత్తం 21 రోజులు ఉచితంగా ఇచ్చారు. మా లెక్కలో అన్ని గ్రాఫిక్స్ కంటే ఈ అలవాటే విలువైనది.

ఇక ఇక్కడి నుంచి ఆడేవాళ్లకు. పింగ్ (సర్వర్‌కు వెళ్లి వచ్చే ఆలస్యం) ఒక్కటే చూసి డేటా సెంటర్ ఎంచుకోకండి, గడియారం కూడా చూడండి. జపాన్‌లో రాత్రి 9 అంటే మనకు సాయంత్రం 5:30, ఇంకా ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే ఉంటాం. మన రాత్రి 10కి అక్కడ అర్ధరాత్రి దాటి 1:30. యూరప్ వేసవి లెక్కలో మన రాత్రి 10 వాళ్ల సాయంత్రం 6:30. ఉద్యోగస్తులకు యూరప్ డేటా సెంటర్లయిన కేయాస్, లైట్‌లలోనే పార్టీలు సులువుగా దొరుకుతాయి. రోజువారీ రీసెట్ (ఆటలోని పనులు, బహుమతులు కొత్తగా మొదలయ్యే వేళ) మనకు రాత్రి 8:30, వారం రీసెట్ మంగళవారం మధ్యాహ్నం 1:30.

పోరాటంలో దెబ్బ తగిలేది, ప్రమాదం ఎక్కడో చూపే నేల మీది నారింజ మరక చూసి కాదు. బాస్ దాడికి సిద్ధమవుతున్నప్పుడు నిండే గీత, అంటే క్యాస్ట్ బార్, నిండే క్షణానికి మీరెక్కడున్నారని సర్వర్ అనుకుంటే అదే లెక్క. దూరం నుంచి ఆడేవాళ్లు బార్ నిండకముందే కదలాలి. జాబ్ (పాత్ర పోరాడే తీరు) ఎంపికలోనూ ఇదే బాధ. మెషినిస్ట్ అనే జాబ్‌కు, దెబ్బల వేగం పెంచే హైపర్‌చార్జ్‌లో 1.5 సెకన్ల దెబ్బల మధ్య ఇంకో ఎబిలిటీ ఇరికించాలి, పింగ్ ఎక్కువైతే ఒక దెబ్బ జారిపోతుంది. నింజా వరసగా పట్టే ముద్రలకూ అదే తంటా. బ్లాక్ మేజ్, హీలర్లు నయం. పీజీ వైఫై అయితే లాన్ కేబుల్ లాక్కోండి, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు ఒక్క నిమిషం పోయినా ఎనిమిది మంది కలిసి చేసే పెద్ద పోరు (రెయిడ్) తగలబడుతుంది.

డబ్బు సంగతి. ఫ్రీ ట్రయల్ లెవెల్ 70 దాకా, గడువు లేదు. కానీ గిల్ (ఆటలోని డబ్బు) 3 లక్షలు దాటదు, ఆటగాళ్లు సరుకు అమ్ముకునే మార్కెట్ బోర్డు ఉండదు, పార్టీ మీరు పెట్టలేరు. ఒకసారి కొన్నాక ఆ అకౌంట్‌తో మళ్లీ ట్రయల్‌కు రాలేరు. స్టీమ్ అనే ఆటల దుకాణంలో కొంటే తర్వాతి ఎక్స్‌పాన్షన్లూ (పెద్ద కొత్త భాగాలు) స్టీమ్‌లోనే కొనాలి, పండగ ఆఫర్ చూసి వేరేచోట కొన్నవాళ్లు చేతులు కాల్చుకుంటారు.

విసుగొస్తే మానేసి కొత్త ప్యాచ్‌కు రమ్మని యోషిదాయే చెబుతాడు. మాట మంచిదే, కానీ ఆటలో ఇల్లున్నవాడికి అది కుదరదు. 45 రోజులు లోపల అడుగు పెట్టకపోతే ఇల్లు కూల్చేస్తారు. అందుకని ఆడని నెలకూ చందా కట్టేవాళ్లున్నారు. 5 లక్షల గిల్ పెట్టి అపార్ట్‌మెంట్ తీసుకోండి, దానికి ఆ బెడద లేదు.